కూర్చోమన్న తండ్రి ఎదుట

(శుభ శుక్రవారానికి ముందు వచ్చే శ్రమకాల దినాలలో హనుమకొండలో జరిగిన సాయంకాల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, సహ సేవకులకు, పరకాల, జమ్మికుంట, హుజూరాబాద్ వైపుల నుండి బస్సులు మారి వచ్చిన అక్కలకు, అన్నలకు, యౌవనస్థులకు వందనాలు.

ఈ సాయంకాలం నాకిచ్చిన అంశం విశ్రాంతి. శ్రమకాల దినాలలో విశ్రాంతిని గురించి మాట్లాడమనడం కొంత విచిత్రంగానే ఉంది. ఉపవాసాలు, శుక్రవారపు ప్రత్యేక ప్రార్థనలు, రాత్రి కూటాలు, గృహ సందర్శనలు అన్నీ ఈ కొద్ది వారాలలోనే పడతాయి గనుక, ఏడాది మొత్తంలో సంఘం ఎక్కువగా అలసిపోయే కాలం ఇదే. అలసిపోవడం తప్పని నేను అనను. అయితే ఆ అలసట ఎవరి కోసం, ఏమి ఆశించి, ఎవరికి భయపడి అని ఒక్కసారైనా అడగకుండా ఈ దినాలను గడిపేయడం మంచిది కాదని నా అభిప్రాయం.

మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." గోడ క్యాలెండర్ల మీదా, ఆటోల వెనుక అద్దాల మీదా ఉన్న మాట ఇది. ఇంతగా అలవాటైపోయినందువల్లనే దాని పక్కన ఏమి రాసి ఉందో మనం చూడం. ఆ అధ్యాయం ముగిసి 12వ అధ్యాయం మొదలవుతూనే, ఆకలిగొన్న శిష్యులు పంటచేలో వెన్నులు తుంచుకొని తింటారు. అది విశ్రాంతిదినం గనుక, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యులు తప్పు పడతారు. విశ్రాంతి కోసం ఇచ్చిన దినమే అప్పటికి మోయవలసిన మూట అయిపోయింది. తరువాతి కాలంలో యూదుల ధర్మనియమాల సంకలనమైన మిష్నాలో నమోదైన లెక్క ప్రకారం ఆ దినాన చేయరాని పనులు 39 రకాలు; పంట కోయడం వాటిలో ఒకటి. పుదీనలో, సోపులో, జీలకర్రలో కూడా పదియవ వంతు తీసి లెక్క అప్పజెప్పే భక్తి ఆ కాలంలో ఉండేదని అదే మత్తయి 23వ అధ్యాయం చెబుతుంది. మన పితరులైనా మనమైనా మోయలేకపోయిన కాడి అని ధర్మశాస్త్రపు ఆ భారాన్ని గురించి యెరూషలేము సభలో చెప్పినవాడు బయటివాడు కాడు, యేసు శిష్యుడైన పేతురు.

ఈ వచనాన్ని మనం సాధారణంగా ఇతరులకు చెప్పడానికి వాడుకుంటాం. వాళ్ల మొక్కులను, వాళ్ల యాత్రలను ఎత్తిచూపి, మాకు మాత్రం విశ్రాంతి ఉందని చెప్పుకుంటాం. అది నాకు మర్యాదగానూ తోచదు, నిజాయితీగానూ తోచదు. యేసు ఆ మాట చెప్పింది పస్కా ఆచరించే, లేఖనాలు వినే, సమాజమందిరానికి అలవాటుగా వెళ్లే గలిలయ జనానికి. ఈ రోజు ఆ మాట మొదట ఎవరికి తగలాలంటే, ఈ షామియానా కింద కూర్చున్న మనకే.

కరీంనగర్ వైపు ఒక ఊరిలో బీడీలు చుట్టే ఒక సహోదరి ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. ఆమె చాట ఒడిలో నుండి దించలేదు. తడిగుడ్డలో చుట్టిన తునికాకులో నుండి ఒక్కో ఆకు తీసి, కత్తెరతో కోసి, తంబాకు పరిచి, చుట్టి, దారం కడుతూనే మాట్లాడింది; వెయ్యి బీడీలకు ఇంత అని వచ్చే కూలి గనుక చేతులు ఆగితే ఆమెకు గడవదు. "ఎంత జేస్తె సరిపోతదయ్యగారూ? శుక్రారం శుక్రారం ఒక్కపొద్దుంటున్న. రాత్రి ప్రార్థన ఇడిసిపెట్టలె. అయినా బిడ్డకు మల్ల జెరమొచ్చె. ఏడ తక్కువైందో జెర చెప్పున్రి." నేను చెప్పింది ఒక్కటే: "ఏడా తక్కువ కాలేదమ్మా. దవాఖానకు తీసుకపోదాం పా." ఆమె నమ్మినట్టు కనబడలేదు. తక్కువైంది ఏదో ఉందని ఆమెకు అంతకుముందే ఎవరో గట్టిగా చెప్పారు.

ఎంత చేస్తే సరిపోతుంది అనే ఆ ప్రశ్నను మన నేల మీద మరొక చోట మన పెద్దలు అడిగారు. నిజాం పాలనలో ఈ పల్లెల్లో వెట్టి ఉండేది. మాదిగలు మోటకు తోలు, కాళ్లకు చెప్పులు ఊరికే ఇవ్వాలి; చాకలి ఊరికే ఉతకాలి; అధికారి వస్తే మూటలు నెత్తిన పెట్టుకొని పక్క ఊరి దాకా నడవాలి. దొర ఉండే గడి ముందుకు వచ్చేసరికి చెప్పులు చేతికి, తలగుడ్డ చంకలోకి చేరేవి. "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అని నిలబడాలే తప్ప కూర్చోవడమన్న మాటే లేదు. కూలికి ఒక కొలత ఉంటుంది. పొద్దు గూకితే చేతిలో ఏదో ఒకటి పడుతుంది, పని అయిపోయిందని ఇంటికి పోవచ్చు. వెట్టికి ఆ కొలత లేదు. ఇంత చేశావు, చాలు అని దొర అనడు. దానిలోని క్రూరత్వం అంతా అక్కడే ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక రాజుకున్న రైతాంగ పోరాటం 1951 దాకా సాగిందంటే, ఆ కొలత లేనితనాన్ని భరించలేకనే. మన సంఘాలలోని ఎన్నో కుటుంబాల తాతలు ఆ వెట్టి చేసినవారు. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. గడులు కొన్ని కూలిపోయాయి, కొన్ని చోట్ల గోడల మీద రావిచెట్లు మొలిచాయి.

దొర పోయాడు గాని, దొర ముందు నిలబడిన అలవాటు పోలేదు. దాన్ని తీసుకొచ్చి మనం దేవుని ముందు పెట్టాం. మన ప్రార్థనలు వినండి: ఆయన ఎప్పుడు కోప్పడతాడో, ఏ లోపం పట్టుకుంటాడో, ఏ కానుక తగ్గిందని బిడ్డ మీద చెయ్యి వేస్తాడో అన్న బెదురు వాటిలో వినబడదా? దశమభాగాన్ని కృతజ్ఞతగా ఇచ్చేవారు ఉన్నారు, వారికి నా నమస్కారం; అయితే గడికి నజరానా కట్టినట్టు, కట్టకపోతే ఏమవుతుందోనని ఇచ్చేవారు కూడా మన మధ్య తక్కువేమీ లేరు. బైబిలులోని విశ్రాంతి ఆజ్ఞనే చూడండి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో దేవుడు విశ్రాంతిదినానికి చెప్పిన కారణం, మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, నేను మిమ్మల్ని బయటికి రప్పించాను అన్నది. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గనివ్వని ఫరో చేతిలో నుండి వచ్చినవారికి, ఇంట్లోని దాసుడూ దాసీ కూడా కూర్చొనే ఒక దినం ఇచ్చాడు. విడుదల పొందినవారి గుర్తు విశ్రాంతి.

లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథలో నాకు బాగా ఇష్టమైన చోటు, అతడు తిరిగి రావడం కాదు, అతని మాట మధ్యలో తెగిపోవడం. తండ్రి ఆస్తిలో తన పాలు తీసుకొని పోయి పాడుచేసుకున్నాక, పందుల దగ్గర కూర్చొని అతడు ఒక మాట సిద్ధం చేసుకున్నాడు: నేను పాపం చేశాను, నీ కుమారుడననిపించుకోవడానికి యోగ్యుడను కాను, "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము." తీరా తండ్రి ఎదుట నిలబడి మొదటి రెండు మాటలూ చెప్పాడు. మూడవది, 21వ వచనంలో, లేదు. ఈలోగా తండ్రి దాసులను పిలిచి వస్త్రం తెమ్మన్నాడు, ఉంగరం తెమ్మన్నాడు, చెప్పులు తొడగమన్నాడు. కూలికి చేరతానన్న ఒప్పందాన్ని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇంకొక కుమారుడు ఉన్నాడు, ఇల్లు ఎన్నడూ విడువనివాడు. పొలం నుండి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఇన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే, నీ ఆజ్ఞను నేనెన్నడును మీరలేదే" అన్నాడు. ఒక మేకపిల్లనైనా ఇయ్యలేదని లెక్క తీశాడు. పొలమంతా తనదే అయి ఉండి, దానిలో పాలేరులా బతికాడు ఆ పెద్దకొడుకు. మనలాంటి పాత విశ్వాసుల ముఖం నాకు అతనిలో కనబడుతుంది. తమ్ముడిని గురించి మనం ఎన్నో ప్రసంగాలు చేశాం గాని, అన్నను గురించి సరిపడా మాట్లాడలేదు. తండ్రి అతనికి కూడా బయటికి వచ్చి "నావన్నియు నీవి" అని బతిమాలాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు.

లోపలికి వెళ్లి కూర్చోవడానికి మనకు ఉన్న హక్కు ఏది? హెబ్రీ పత్రిక దీన్ని చక్కగా చెబుతుంది. 10వ అధ్యాయంలో, ప్రతి యాజకుడు దినదినమూ సేవ చేస్తూ అవే బలులు మాటిమాటికి అర్పిస్తూ నిలబడి ఉంటాడని రాసి, క్రీస్తు మాత్రం సదాకాలానికి ఒక్క బలిని అర్పించి దేవుని కుడిపార్శ్వాన ఆసీనుడయ్యాడని రాస్తుంది. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారపు సామానుల జాబితా చదవండి: బల్ల ఉంది, దీపవృక్షం ఉంది, ధూపవేదిక ఉంది, యాజకుడు కూర్చోవడానికి పీట లేదు. అతని పని తీరేది కాదు గనుక. క్రీస్తు కూర్చున్నాడంటే ఆయన పని తీరింది. పౌలు ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో ఇంకొక అడుగు వేసి, దేవుడు మనలను కూడా క్రీస్తుతో పాటు పరలోకమందు "కూర్చుండబెట్టెను" అంటాడు. ఆ తరువాతనే, అదే అధ్యాయంలో, మనం విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షింపబడ్డామని, అది మన వలన కలిగినది కాదు, దేవుని వరమేనని చెప్పాడు. గడి ముందు నిలబడి నిలబడి కాళ్లు వాచిన జనానికి ఈ వచనం ఎలా వినబడుతుందో పెద్ద పెద్ద వ్యాఖ్యానాలు రాసినవారికంటె మన తాతలకే ఎక్కువ తెలిసేది.

ఇది చదువు లేనివారి సమస్య అనుకోకండి. మన ఉత్తర తెలంగాణలో మెదక్ నుండి నిజామాబాద్ దాకా అనేక సంఘాలు వెస్లియన్ మిషన్ ద్వారా పుట్టాయి. ఆ ధారకు మూలపురుషుడైన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడు, 1728 నుండి అభిషిక్త గురువు. బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు, చెరసాలలకు వెళ్లి ఖైదీలను చూసేవాడు, గంట గంటకూ తన ప్రవర్తనను పరీక్షించుకునేవాడు. సువార్త చెప్పడానికి అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కాడు. 1736 జనవరిలో తుపాను లేచి తెరచాప చినిగినప్పుడు అతడు వణికిపోయాడు. పక్కనే మొరేవియన్ సంఘానికి చెందిన జర్మన్ విశ్వాసులు, పిల్లాజెల్లలతో సహా, కీర్తన ఆపకుండా పాడారు. ఇతరులను మార్చడానికి వెళ్లిన నన్ను ఎవరు మారుస్తారు అని తిరుగు ప్రయాణంలో రాసుకున్నాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా, క్రీస్తును మాత్రమే నమ్ముకున్నానన్న నిశ్చయం అతనికి కలిగింది. పెద్దవాడయ్యాక తన పాత దినచర్యను తిరగేస్తూ, ఆనాడు నాకున్నది దాసుని విశ్వాసం, కుమారుని విశ్వాసం కాదు అన్న అర్థంలో ఒక వివరణ చేర్చాడు. రోమా 8వ అధ్యాయంలో పౌలు చెప్పినదే అది: మరల భయపడడానికి మీరు దాస్యపు ఆత్మను పొందలేదు.

ఇలా బోధిస్తే సంఘం సోమరిదవుతుందని ఇక్కడున్న పెద్దలలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. కానుకలు తగ్గుతాయన్న దిగులు కూడా కొంత ఉండవచ్చు. వెస్లీ ఆ సాయంత్రం తరువాత ఇంట్లో కూర్చోలేదు. 1791లో చనిపోయే దాకా గుర్రం మీదా, బండి మీదా ఊరూరా తిరిగాడు. ఆ మిషన్‌కే చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని నిలబెట్టారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినవారు నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత, ఇది మనం మరువకూడదు. ఊరి పొలిమేర దాటించిన మనుషుల పుండ్లను ఏళ్ల తరబడి కడగడం భయంతో జరిగే పని కాదు. యేసు కూడా కాడి తీసేస్తానని అనలేదు. నా కాడి ఎత్తికొనండి, అది సుళువు అన్నాడు. ఎఫెసీ 2వ అధ్యాయంలో కూర్చుండబెట్టిన మాట 6వ వచనం, సత్క్రియల మాట 10వ వచనం. మనం చాలా కాలంగా ఆ వరుసను తిరగవేసి చదువుతున్నాం.

శుక్రవారపు ఒక్కపొద్దు మానమని నేను చెప్పడం లేదు. షుగరు ఉన్న తల్లి, బాలింత, ఎండలో ఉపాధి పనికి పోయి వచ్చిన మనిషి తిని ప్రార్థిస్తే, ఆ ప్రార్థన తక్కువదని ఎవరూ అనకూడదని మాత్రం చెబుతున్నాను. వారానికి రెండు మారులు ఉపవాసముంటున్నానని దేవాలయంలో చెప్పుకున్నవాడు నీతిమంతుడుగా తీర్చబడకుండానే ఇంటికి వెళ్లాడని లూకా 18వ అధ్యాయంలో ఉంది. కానుకల మొత్తాలను పేర్లతో సహా మైకులో చదవడం ఆపండి. ఇంట్లో రోగం వస్తే ప్రార్థనలో లోపముందనే మాట సేవకుల నోట రాకూడదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అని ప్రభువు యోహాను 9వ అధ్యాయంలో ఆ ప్రశ్ననే తోసివేశాడు.

రాబోయే శుభ శుక్రవారం నాడు మన సంఘాలన్నిటిలో సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తాం. ఆరవ మాట "సమాప్తమైనది." ఆ మాట వంతు వచ్చిన సేవకులకు నాదొక మనవి: దాన్ని వివరించి, చివర మనం ఇంకా చేయవలసిన పనుల జాబితా చదవకండి. ఆ జాబితాకు ఆదివారం ప్రకటనల సమయం ఉంది.