భూమి దావాలో మూడో మనిషిని పార్టీగా చేర్చడం ఎలా?

[తెరపై: రెండెకరాల పొలం స్కెచ్, తూర్పున అర ఎకరం వేరే రంగులో]

నమస్కారం. రెండెకరాలకు హక్కుదారు మీరేనని ప్రకటించి స్వాధీనం ఇప్పించమంటూ పక్క రైతు మీద దావా వేశారనుకుందాం. మధ్యలో ఈసీ (భూమి లావాదేవీల వివరాలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే, తూర్పు అర ఎకరాన్ని ఆయన దావాకు ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతో అమ్మేశాడని తెలిసింది. కొన్నాయన అక్కడే సాగు చేసుకుంటున్నాడు. దావాలో మాత్రం ఆయన పేరు లేదు.

దీన్ని అలాగే వదిలేస్తే, గెలిచాక కూడా ఆ అర ఎకరం మీ చేతికి రాదు. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, ఆయన్ని కట్టడి చెయ్యదు. కోర్టు అమీనా వస్తే అడ్డుపడతాడు, మీరు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 97 కింద ఆ అడ్డు తొలగించమని పిటిషన్ వేసుకోవాలి, ఆయన హక్కు మీద విచారణ మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది.

[తెరపై: ఆర్డర్ 1 రూల్ 10(2), సివిల్ ప్రొసీజర్ కోడ్]

ఈ రూల్ కింద కోర్టు ఏ దశలోనైనా పార్టీని చేర్చవచ్చు, తీసెయ్యవచ్చు. చూసేది ఒక్కటే: ఆ మనిషి లేకుండా అమలయ్యే డిక్రీ ఇవ్వడం కుదురుతుందా? కుదరకపోతే అతను నెసెసరీ పార్టీ (తప్పనిసరి పార్టీ). డిక్రీకి అడ్డం లేకపోయినా, వివాదం పూర్తిగా తేలడానికి ఉంటే మంచిదనుకుంటే ప్రాపర్ పార్టీ (ఉండదగిన పార్టీ). ఈ తేడా చిన్నది కాదు. నెసెసరీ పార్టీని వదిలేస్తే దావానే కొట్టేస్తారు. భాగపరిష్కారం దావాల్లో పెళ్ళైన ఆడపడుచును వదిలేసి దెబ్బతినేది ఇక్కడే, వాటాదారులందరూ ఉండాల్సిందే.

ఇక పిటిషన్. దాన్ని ఐఏ అంటారు, అంటే నడుస్తున్న దావాలో వేసే మధ్యంతర దరఖాస్తు. ఇప్పటికే ఉన్న ప్రతివాదులనూ, కొత్తగా చేర్చాల్సిన ప్రతిపాదిత ప్రతివాదినీ అందులో రెస్పాండెంట్లుగా (ఎదుటి పక్షంగా) చూపాలి. అఫిడవిట్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఆయన దస్తావేజు నంబరు, తేదీ, మీకు సంగతి ఎప్పుడు ఎలా తెలిసిందో, ముందే ఎందుకు చేర్చలేదో రాయాలి. ఈసీ, దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, పహాణీ లేదా అడంగల్ జతచెయ్యండి. ‘న్యాయం కోసం చేర్చాలి’ అన్న ఒక్క వాక్యంతో వేసే అఫిడవిట్లు ఎదుటివాళ్ళు కౌంటర్ (జవాబు) వేసినప్పుడే కూలిపోతాయి.

[తెరపై: 2012 → 2019 → 2024]

అన్నిటికంటే ప్రమాదం కాలపరిమితి. లిమిటేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం, కొత్త ప్రతివాది మటుకు దావా ఆయన్ని చేర్చిన రోజే వేసినట్టు లెక్క. ఆయన 2012 జూన్‌లో కొని, అప్పట్నుంచి నాదేనంటూ సాగు చేస్తున్నాడు. మీ దావా 2019ది. చేర్చింది 2024 సెప్టెంబర్‌లో. పన్నెండేళ్ళు దాటిపోయాయి, ఆయన వెంటనే అడ్వర్స్ పొజెషన్ (పన్నెండేళ్ళు నాదేనంటూ అనుభవించాను కాబట్టి హక్కు నాదే అన్న) వాదన ఎత్తుకుంటాడు. మంచి నమ్మకంతో జరిగిన పొరపాటని కోర్టుకు నచ్చజెబితే, పాత తేదీ నుంచే లెక్కించమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ కోరికను ఐఏలోనే విడిగా రాయాలి.

దావా నడుస్తుండగా కొన్నవాళ్ళ సంగతి వేరు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 కింద డిక్రీకి వాళ్ళు కట్టుబడి ఉండాలి. వాళ్ళను ఆర్డర్ 22 రూల్ 10 కింద చేర్చవచ్చు. పార్టీ చనిపోతే 90 రోజుల్లో వారసులను రికార్డు మీదకు తేవాలి. దాటితే దావా అతని మటుకు అబేట్ అవుతుంది (ఆగిపోతుంది), దాన్ని రద్దు చేయించుకోవడానికి మరో 60 రోజులు.

భూమి ప్రభుత్వానిదన్న వాదన వస్తే తహసీల్దారు ఒక్కరినే చేర్చి ఊరుకోవద్దు. జిల్లా కలెక్టర్ ద్వారా రాష్ట్ర ప్రభుత్వాన్ని చేర్చాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ప్రభుత్వానికి ముందుగా ఇవ్వాల్సిన నోటీసు, దాని రెండు నెలల గడువు సంగతీ చూసుకోవాలి.

మరి బయటివాళ్ళు తామే వచ్చి చేరతామంటే? ఆస్తి దావాల్లో నేరుగా హక్కు ఉండాలి, వ్యాపార ప్రయోజనం ఉంటే చాలదని సుప్రీంకోర్టు 1958లో రజియా బేగం కేసులో చెప్పింది. అమ్మకం అగ్రిమెంటు అమలు చేయించమనే దావాలో అయితే, వేరే టైటిల్ తనదని వచ్చేవాణ్ణి చేర్చనక్కర్లేదని 2005 కస్తూరి తీర్పు. అతను సొంత దావా వేసుకోవాలి.

[తెరపై: సవరించిన ప్లెయింట్ (దావా పత్రం)]

ఐఏ అలో (మంజూరు) అయ్యాక పని సగమే అయింది. చాలామంది కాజ్ టైటిల్‌లో (దావా పైన పార్టీల పేర్లు ఉండే చోట) పేరు చేర్చి వదిలేస్తారు. లోపల ఆయన మీద ఒక్క పేరా లేకపోతే, ‘నా మీద ఆరోపణేముంది?’ అని అడుగుతాడు. ఆ దస్తావేజు మిమ్మల్ని ఎందుకు కట్టడి చెయ్యదో రాయండి, ప్రార్థనలో ఆ అర ఎకరం స్వాధీనం ఆయన నుంచి కూడా అడగండి. కోర్టు ఇచ్చిన గడువులో సవరించిన ప్లెయింట్ దాఖలు చేసి, సమన్లకు ఫీజు కట్టండి. ఆయనకు రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 వరకు.

ఐఏ కొట్టేస్తే అప్పీలు లేదు. రాజ్యాంగం ఆర్టికల్ 227 కింద హైకోర్టులో సీఆర్‌పీ (సివిల్ రివిజన్ పిటిషన్) వెయ్యాలి.