చెరువు గట్టు మీద సినిమా: ఉచితంగా, నిశ్చింతగా ఎక్కడ చూడొచ్చు?

(దృశ్యం: రాత్రి పది గంటలు. రొయ్యల చెరువు గట్టు. ఏరేటర్ల చప్పుడు. కాపలా పాకలో ఒక బల్బు, మంచం మీద ఫోన్ వెలుగు.)

నమస్కారమండీ. ఈ వీడియో మా పెదనాన్న కాపలా పాకలో తీస్తున్నాను. భీమవరం నుంచి సముద్రం వైపు వస్తే ఇలాంటి పాకలు గట్టు గట్టుకీ కనిపిస్తాయి. రాత్రంతా ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలుతుంది. అందుకని కాపలా మనిషికి కునుకు పట్టకూడదు. మా పెదనాన్నకి ఆ పని చేసిపెట్టేది ఫోన్లో సినిమా.

పెదనాన్న: "ఒరేయ్ అబ్బాయ్, ఒకడికి మూడొందలు, ఇంకొకడికి రెండొందలు కట్టుకుంటూ పోతే మేతకేం మిగులుద్దిరా? ఫ్రీగా వచ్చేదేదో చూపించు."

ఆయన అడిగింది న్యాయమే. అన్ని యాప్‌లకూ డబ్బులు కట్టే స్తోమత అందరికీ ఉండదు. ఉచితంగా చూడటం తప్పు కూడా కాదు. మనం చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం సినిమా ఉచితంగానే చూశాం కదా. కాకపోతే అప్పుడు ఆ సినిమా ఎవరు వేస్తున్నారో, ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. మధ్యలో సబ్బు ప్రకటన, టీ పొడి ప్రకటన వచ్చేవి.

ఇప్పుడు కూడా ఆ ఒక్క సంగతే చూసుకోవాలి. ఈ సినిమా నాకు ఉచితంగా వస్తోందంటే, దీని డబ్బు ఎవరు కడుతున్నారు? ప్రకటనలవాళ్లా, ప్రభుత్వమా? జవాబు తెలిస్తే హాయిగా చూడండి. ఎంత వెతికినా తెలియలేదంటే, కట్టేది మీరే. ఎప్పుడు కడతారో, ఎంత కడతారో మాత్రం మీ చేతిలో ఉండదు.

(దృశ్యం: పెదనాన్న ఫోన్ స్క్రీన్ దగ్గరగా.)

మా ఇంట్లో అది జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పోయిన ఏడాది మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక లింక్ వచ్చింది. హాలులోకి వచ్చి వారం కూడా కాని సినిమా, 'ఫుల్ హెచ్‌డీ, ఫ్రీ' అని. నొక్కితే సినిమా రాలేదు, ఏపీకే ఫైల్ దిగింది. ఏపీకే అంటే ప్లే స్టోర్ బయట నుంచి నేరుగా ఫోన్లోకి ఎక్కించే యాప్. అది ఎస్ఎంఎస్‌లు చదవడానికి పర్మిషన్ అడిగింది. పెదనాన్న 'అలౌ' నొక్కేశాడు. సినిమా చూపించే యాప్‌కి మన మెసేజ్‌లతో ఏం పని అన్న అనుమానం ఆ టైమ్‌లో ఎవరికి వస్తుంది?

బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలన్నీ ఆ మెసేజ్‌లలోనే ఉంటాయి. రెండు రోజుల్లో ఖాతాలో నుంచి మేత కోసం దాచిన డబ్బులో పద్దెనిమిది వేలు పోయాయి. ఆయన సిగ్గుపడి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలిశాక 1930కి ఫోన్ చేయించేసరికి ఆ డబ్బు ఎన్నో ఖాతాలు దాటిపోయింది. 1930 దేశమంతటికీ ఒకటే నంబర్, సైబర్ మోసాలకు సంబంధించినది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు పోయిన మొదటి గంటల్లో చెబితే, అది చేరిన ఖాతాను ఆపించే వీలుంటుంది. సిగ్గుపడొద్దండీ. పొరపాటున నొక్కినవాళ్లది నేరం కాదు.

పైరసీ సైట్లు కూడా ఇలాంటివే. సినిమా తెరిస్తే నాలుగు ప్లే బటన్లు కనిపిస్తాయి, అందులో మూడు దొంగవి. ఎక్కడ తాకినా ఒక కొత్త పేజీ. 'నోటిఫికేషన్లు అలౌ చేయండి' అంటుంది, చేస్తే మర్నాటి నుంచి పొద్దస్తమానం బెట్టింగ్ ప్రకటనలు. 2025 నవంబరులో, తెలుగు సినిమాల పెద్ద పైరసీ సైట్ ఒకటి నడుపుతున్నాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. సుమారు 50 లక్షల మంది వివరాలు అతని దగ్గర ఉన్నాయని, చూసేవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించారని పోలీసులు అప్పుడు చెప్పారు. ఆ 50 లక్షల మందిలో మన ఊళ్లవాళ్లు ఎందరో అని నాకు నిద్ర పట్టలేదు.

(దృశ్యం: పగలు. కాలువ గట్టు, కొబ్బరి చెట్లు. నడుస్తూ మాట్లాడటం.)

సరే, ఇక ఎక్కడ చూడాలో చెప్పుకుందాం. మన తెలుగువాళ్లకు అన్నిటికంటే పెద్ద గని యూట్యూబ్. అందులో వేలకొద్దీ తెలుగు సినిమాలు హక్కులున్నవాళ్లే పెట్టారు. ఇది ఎలా సాధ్యమైందో చాలామందికి తెలియదు. ఒక సినిమాకు హక్కులు ఒకటి కాదు, చాలా ఉంటాయి. హాలులో వేయడానికి ఒకటి, టీవీకి ఒకటి, ఓటీటీకి ఒకటి, వీడియోకి ఒకటి. శ్రీ బాలాజీ వీడియో, వోల్గా వీడియో అనే పేర్లు వీసీడీల కాలంలో అట్ట డబ్బాల మీద చూసినవాళ్లు మీలో ఉంటారు. ఇప్పుడు ఆ పేర్లతోనే యూట్యూబ్ ఛానెళ్లు ఉన్నాయి. షెమారూ తెలుగు, తెలుగు ఫిల్మ్‌నగర్, సురేష్ ప్రొడక్షన్స్ ఛానెళ్లలోనూ పూర్తి సినిమాలు దొరుకుతాయి. మధ్యలో ప్రకటనలు వస్తాయి, ఆ డబ్బు హక్కుదారుకు చేరుతుంది. ఎవరు కడుతున్నారు అన్న మన ప్రశ్నకు జవాబు దొరికింది కదా.

అయితే యూట్యూబ్‌లో ఉన్నదంతా మంచిదే అనుకోవద్దు. దొంగ అప్‌లోడ్ గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. హీరో చొక్కా జేబు అతని కుడి ఛాతీ మీద కనిపిస్తుంది, షాపు బోర్డు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి. లేదంటే చుట్టూ రంగుల చట్రం పెట్టి సినిమాను మధ్యలో చిన్నగా చూపిస్తారు. గొంతులు కాస్త సన్నగానో బొంగురుగానో మారి ఉంటాయి. ఇదంతా ఎందుకంటే, యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. హక్కుదారు ఇచ్చిన అసలుతో ప్రతి కొత్త వీడియోనూ అది పోల్చి చూస్తుంది. దాని కన్నుగప్పడానికే ఈ వేషాలన్నీ. ఇంకో రకం ఉంది, వీడియోలో సినిమా ఉండదు, 'ఫుల్ మూవీ లింక్ కింద ఉంది' అని టెలిగ్రామ్‌కు దారి చూపిస్తారు. ఆ దారిన వెళ్లొద్దు.

ఛానెల్ పేరు నొక్కి చూడండి. కంపెనీ పేరు ఉందా, ఎన్నేళ్లుగా నడుస్తోంది, ఎన్ని సినిమాలు పెట్టింది అనేవి అక్కడే కనిపిస్తాయి. నిన్న పుట్టిన ఛానెల్‌లో ఈ నెల సినిమా ఉందంటే ఇంక చెప్పేదేముంది.

(దృశ్యం: ఇంట్లో హాలు. టీవీ ముందు అమ్మ, పక్కింటి అత్తయ్య.)

ప్రభుత్వం వైపు నుంచి వేవ్స్ అనే యాప్ ఉంది. ప్రసార భారతిది, అంటే దూరదర్శన్, ఆకాశవాణి నడిపే సంస్థది. 2024 నవంబరు 20న గోవా చలనచిత్రోత్సవంలో ప్రారంభించారు. మొదలుపెట్టినప్పుడు 65 లైవ్ ఛానెళ్లు ఉన్నాయని ప్రకటించారు, తెలుగు కూడా ఉంది. కొన్నిటికి డబ్బు అడుగుతుంది, కానీ ఉచితంగా చూడగలిగింది చాలా ఉంది. మా అత్తయ్యకు పాత దూరదర్శన్ కార్యక్రమాలు చూపిస్తే గంటసేపు కదల్లేదు.

అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ ప్రకటనలతో నడిచే ఉచిత యాప్. 2024లో అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్‌ను కొని, తన మినీటీవీతో కలిపేసింది. హిందీ సిరీస్‌లు ఎక్కువ, డబ్బింగ్‌లో తెలుగు కూడా కొంత దొరుకుతుంది. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. అందులోనూ, జీ5లోనూ కొంత ఉచితంగా పెడతారు, మిగతాది చందా. తాళం గుర్తు, కిరీటం గుర్తు ఉన్నవాటిని నొక్కి విసుక్కోకుండా, ఉచితంగా ఉన్నవే చూసుకోండి.

నెట్ అస్సలు లేని ఇంటికి డీడీ ఫ్రీ డిష్ మంచిది. గొడుగు, సెట్‌టాప్ బాక్స్ ఒకసారి కొనుక్కుంటే చాలు, నెల నెలా కట్టేది లేదు. డీడీ సప్తగిరి వస్తుంది. హిందీ ఛానెళ్లే ఎక్కువ ఉంటాయి, ఆ సంగతి ముందే తెలుసుకుని కొనండి.

అత్తయ్య: "అమెరికాలో మా అబ్బాయి టూబీ చూడమ్మా, అన్నీ ఫ్రీ అంటాడండీ. ఇక్కడ తెరుచుకోదేంటి?"

టూబీ, ప్లూటో టీవీ రెండూ చట్టబద్ధమైనవే, ప్రకటనలతో నడిచేవే. అయితే సినిమా హక్కులు దేశం దేశానికీ విడివిడిగా అమ్ముతారు. మన దేశానికి వాళ్లకు హక్కు లేదు కాబట్టి ఇక్కడ తెరుచుకోదు. అక్కడున్న మనవాళ్లకు ఇంకో మంచి దారి కూడా ఉంది. ఊరి లైబ్రరీ కార్డు ఉంటే కానోపీ, హూప్లా అనే యాప్‌లలో చాలాచోట్ల ఉచితంగా చూడొచ్చు, ఆ ఖర్చు లైబ్రరీ పెట్టుకుంటుంది. టూబీ కోసం ఇక్కడ ఉచిత వీపీఎన్, అంటే మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్, ఎక్కించుకోమని ఎవరైనా చెబితే వినకండి. మీ ఫోన్లో ఏం చూసినా, ఏం పంపినా ఆ వీపీఎన్ వాడి చేతి మీదుగానే వెళుతుంది.

పాత సినిమాల విషయంలో ఒక మాట. మన చట్టం ప్రకారం సినిమా విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ లెక్కన 1964లో వచ్చిన సినిమా హక్కు 2024తో ముగిసింది. అలాంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లాంటి చోట కనిపిస్తాయి. కథకూ పాటలకూ హక్కుల లెక్క వేరు, అందుకని మళ్లీ అప్‌లోడ్ చేసే పని పెట్టుకోకండి, చూడండి చాలు.

(దృశ్యం: టౌన్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి. దుకాణాల పేర్లు కనిపించకూడదు.)

ఇక్కడ కొంచెం ఆగాలి. 'రెండు వేలకు బాక్స్, జీవితాంతం అన్ని ఛానెళ్లూ ఫ్రీ' అని అమ్ముతున్నారు. 'ఏడాదికి అయిదొందలు, అన్ని ఓటీటీలూ వస్తాయి' అంటున్నారు. అన్ని కంపెనీల హక్కులూ అయిదొందలకు ఎవరికీ రావు. ఆ బాక్స్ మీ ఇంటి వైఫైలో కూర్చుని ఉంటుంది, అదే వైఫైలో మీ బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ కూడా ఉంటుంది. నేనైతే ఆ బాక్స్‌ను ఇంటి గుమ్మం దాటనివ్వను.

కొత్త సినిమా సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. హాలులో ఆడుతున్న సినిమా ఉచితంగా చట్టబద్ధంగా ఎక్కడా దొరకదు. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఓటీటీకి వస్తుంది, అది కూడా చందాకు. ఆ తర్వాత టీవీలో పండక్కి వేస్తారు. ఆగగలిగితే ఆగాలి, లేదంటే టికెట్ కొనుక్కోవాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాలులో సినిమాను దొంగతనంగా రికార్డు చేసినా, దాన్ని అనుమతి లేకుండా జనానికి చూపించినా కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. మూడేళ్ల దాకా జైలు, సినిమా నిర్మాణ ఖర్చులో అయిదు శాతం దాకా జరిమానా వేయొచ్చు. కేబుల్‌లో కొత్త సినిమా వేసే ఆపరేటర్లు ఇది తెలుసుకోవాలి.

మన గోదావరి జిల్లాలకు సినిమా పరాయిది కాదు. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ స్టూడియో కట్టారు. దాసరి నారాయణరావు గారు, అల్లు రామలింగయ్య గారు పాలకొల్లువాళ్లు. కోనసీమలో షూటింగ్ జరిగితే పడవవాళ్లకు, లాడ్జివాళ్లకు, భోజనాలు వండేవాళ్లకు, జీపు తోలేవాళ్లకు నాలుగు రోజులు పని దొరుకుతుంది. నిర్మాతకు డబ్బు తిరిగి రాకపోతే ఆ పడవ రేవులోనే ఉంటుంది. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

(దృశ్యం: మళ్లీ రాత్రి. కాపలా పాక.)

పెదనాన్న ఫోన్‌కు ఏం చేశానో చూపిస్తాను, మీరూ చేసుకోండి. సెట్టింగ్స్‌లో 'అన్‌నోన్ యాప్స్' అని వెతికి, వాట్సాప్‌కూ, క్రోమ్‌కూ, టెలిగ్రామ్‌కూ యాప్‌లు ఎక్కించే అనుమతి తీసేశాను. ప్లే స్టోర్‌లో ప్రమాదకరమైన యాప్‌లను వెతికే ప్లే ప్రొటెక్ట్ స్కాన్ చేశాను. క్రోమ్ నోటిఫికేషన్లలో ఏడు సైట్లు ఉన్నాయి, అన్నీ ఆపేశాను. కొత్త యాప్ ఎక్కించేముందు పేరు కింద ఉన్న కంపెనీ పేరు చదవడం నేర్పాను. ఒకే పేరుతో, ఒకే బొమ్మతో దొంగ యాప్‌లు ఉంటాయి, కంపెనీ పేరు దగ్గర దొరికిపోతాయి.

డేటా గొడవ ఒకటి మిగిలింది. సఖినేటిపల్లి మండలం మోరికి 2016 డిసెంబరులోనే ఇంటింటికీ ఫైబర్ వచ్చింది కానీ, చెరువు గట్టుకు ఫైబర్ ఎవరు వేస్తారు? ఇక్కడ రోజుకు ఒకటిన్నర జీబీతోనే గడవాలి. యూట్యూబ్‌లో గేర్ గుర్తు నొక్కి క్వాలిటీ 360 పెట్టాను. చిన్న తెర మీద తేడా పెద్దగా తెలియదు, రెండున్నర గంటల సినిమా ఇబ్బంది లేకుండా అయిపోతుంది.

పెదనాన్న: "ఆయ్, బొమ్మ బానే ఉందిరా. మధ్యలో ఈ సబ్బు ఏంటి?"

"ఆ సబ్బు వాళ్లే నీ సినిమాకు డబ్బు కడుతున్నారు పెదనాన్నా."

పెదనాన్న: "అయితే రానీ."

పాక గుంజ మీద 1930 అని బొగ్గుతో పెద్దగా రాశాను. పదకొండు కావొస్తోంది, చెక్ ట్రే ఎత్తి మేత చూసే టైమ్. ఆయన సినిమా ఆపి, టార్చి తీసుకుని గట్టు మీదకు నడిచాడు. ఫోన్ మంచం మీదే ఉంది. ఆపిన చోటే బొమ్మ ఆగి ఉంది, దాని మీద కొత్త పేజీ ఏదీ తెరుచుకోలేదు.

(దృశ్యం: ఏరేటర్ల చప్పుడు. చెరువు మీద టార్చి వెలుగు దూరంగా కదులుతూ.)