చీలమండ పైన నల్లమచ్చ, దురద: లోపం చర్మంలోనా, సిరల్లోనా?

[తెరపై: మోకాళ్ల నుంచి పాదాల దాకా రెండు కాళ్లు. కెమెరా లోపలివైపు చీలమండ దగ్గరికి వెళ్తుంది.]

చీలమండకి కాస్త పైన, లోపలివైపు చూడండి. చర్మం గోధుమరంగుకి తిరిగింది, పొట్టు రేగుతోంది, గోకిన గీతలు కూడా ఉన్నాయి. సాయంత్రానికి పాదం ఉబ్బి చెప్పు బిగుతైపోతుంది. తెల్లారేసరికి వాపు చాలావరకు దిగిపోతుంది.

చాలామంది దీన్ని మామూలు తామర (ఎగ్జిమా) అనుకుని ఒకదాని తర్వాత ఒకటి ఆయింట్‌మెంట్లు మారుస్తూ ఉంటారు. తామర జాతిదే, కాదనను. కానీ మూలం చర్మంలో లేదు, సిరల్లో ఉంది. దీన్నే డాక్టర్లు స్టేసిస్ డెర్మటైటిస్ అంటారు.

[యానిమేషన్: కాలి సిర, లోపల తెరుచుకుని మూసుకునే వాల్వులు.]

కాళ్లలోని రక్తం గుండెకి చేరాలంటే పైకి ఎక్కాలి. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగిసి సిరల్ని నొక్కుతుంది, రక్తం పైకి వెళ్తుంది. అది మళ్లీ కిందికి జారకుండా లోపలి వాల్వులు మూసుకుంటాయి. వయసు, అధిక బరువు, గర్భధారణ, గంటల తరబడి నిలబడే పని, ఎప్పుడో కాలి సిరలో గడ్డకట్టిన రక్తం, వీటిలో ఏదైనా వాల్వుల్ని దెబ్బతీయొచ్చు. అప్పుడు రక్తం కిందే నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. సన్నటి నాళాల్లోంచి నీరు, ఎర్రకణాలు చర్మంలోకి ఊరతాయి. ఆ కణాలు చితికాక వాటిలోని ఇనుము అక్కడే పేరుకుంటుంది. మచ్చకి ఆ తుప్పు రంగు అందుకే.

[తెరపై: డాక్టరు ముందు నిలబడిన వ్యక్తి కాళ్లు.]

మరి ఇదేనని ఎలా తేలుస్తారు? దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. చాలావరకు కంటితో, చేత్తో, నాలుగు ప్రశ్నలతోనే తేలిపోతుంది. అయితే నిలబెట్టి చూడాలి. పడుకుంటే సిరల్లో రక్తం తగ్గి, ఉబ్బినవి కూడా అణిగిపోతాయి. కాలి ముందువైపు ఎముక మీద వేలితో కాసేపు నొక్కి వదిలితే సొట్ట అలాగే ఉందా? నీరు చేరింది. వేళ్లతో పట్టుకున్నా చర్మం మడతపడనంత గట్టిపడిందా? జబ్బు బాగా పాతబడింది.

ఇంకో మాట. పుస్తకాల్లో "ఎర్రగా" అని రాసి ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు సరిగా తెలియదు. ముదురు గోధుమ, ఊదా, బూడిద రంగుల్లో కనిపిస్తుంది. ఎరుపు కోసమే వెతికితే జబ్బు కళ్లముందే ఉన్నా దాటిపోతుంది.

[తెరపై: రెండు బొమ్మలు పక్కపక్కన.]

ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. కాలు ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే ఇన్ఫెక్షన్ అనుకుని, అంటే సెల్యులైటిస్ అనుకుని, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టేస్తారు. సెల్యులైటిస్ సాధారణంగా ఒక కాలికే, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. ముట్టుకుంటే నొప్పి, కొందరికి జ్వరం కూడా. సిరల జబ్బుది నిదానం. నెలలు, ఏళ్లు సాగుతుంది, తరచుగా రెండు కాళ్లకీ వస్తుంది, నొప్పికంటే దురదే ఎక్కువ. కాలు కాసేపు ఎత్తి పెడితే ఎరుపు తగ్గడం కూడా సిరల వైపే చూపిస్తుంది. రెండు కాళ్లూ ఒకేలా ఎర్రగా ఉన్నాయంటే నేనైతే ముందు ఇన్ఫెక్షన్‌ని అనుమానించను. అలాగని ధీమా వద్దు, పగిలిన చర్మంలోంచి ఇన్ఫెక్షన్ తోడవచ్చు. ఇక ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం కూడా ఉంటే ఎమర్జెన్సీకే.

[తెరపై: డాప్లర్ స్కాన్.]

సిరల సంగతి తేల్చేది డాప్లర్ స్కాన్, అంటే రక్తం పారే తీరు చూపించే అల్ట్రాసౌండ్. సూది లేదు, నొప్పి లేదు. వీలైతే నిలబెట్టి చేస్తారు. పిక్కని నొక్కి వదిలాక రక్తం ఎంతసేపు వెనక్కి పారుతుందో చూస్తారు. చర్మం కింది పైపై సిరల్లో అర సెకను దాటితే వాల్వు పనిచేయట్లేదన్నమాట.

రక్తం కిందే నిలవకుండా కాలిని నొక్కిపట్టే బిగుతు స్టాకింగ్స్ రాసేముందు ధమనులూ, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళాలూ చూడాలి. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగా అందట్లేదని అర్థం. బాగా తక్కువుంటే బిగుతు స్టాకింగ్స్ మేలుకంటే కీడే చేస్తాయి.

ముక్క తీసి చేసే బయాప్సీ అరుదుగానే అవసరం. ఇలాంటి కాలి మీద ఆ గాయం మానడమే కష్టం. ఫంగస్ అనుమానం ఉంటే పొట్టు గీకి మైక్రోస్కోప్‌లో చూస్తారు. మందు రాసేకొద్దీ ఎక్కువవుతుంటే ఆ మందే పడట్లేదేమో, ఆయింట్‌మెంట్లలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటివి ఇలా చేస్తాయి. అది తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది, అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూస్తారు.

అందుకే వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ ఉదయమైతే వాపు కనిపించకపోవచ్చు, ముందురోజు సాయంత్రమే రెండు కాళ్లూ కలిపి ఒక ఫొటో తీసి పెట్టుకోండి.