మందు కొట్టినా ఊద ఎందుకు చావట్లేదు?

(దృశ్యం: కలుపు మందు కొట్టి మూడు వారాలైన వరి పొలం. ఎండిపోయిన దుబ్బుల మధ్య అక్కడక్కడా పచ్చగా నిలబడ్డ ఊద.)

నమస్కారం. ఈ పొలాన్ని ఒక్క నిమిషం నిదానంగా చూడండి. ఇది ఊద, వరిలో కలుపుగా మొలిచే గడ్డి. ఈ దుబ్బు మొదలంటా ఎండిపోయింది. దానికి జానెడు దూరంలో ఇంకో ఊద, పచ్చగా పిలకలు వేస్తోంది. రెండింటి మీదా పడింది ఒకే మందు, ఒకే రోజు, ఒకే మోతాదులో.

మందు కల్తీదైతే రెండూ బతికేవి. పిచికారీలో పట్టీ వదిలేసి ఉంటే, బతికినవన్నీ ఒకే బారున చారలా కనిపించేవి. నీళ్లు తీయకపోవడం వల్లో, అదను దాటడం వల్లో మందు పనిచేయకపోతే మిగతా రకాల కలుపు కూడా మిగిలేది. ఇక్కడ అలా లేదు. అదే జాతి, అదే వయసు. ఒకటి చచ్చింది, ఒకటి బతికింది. ఇలా కనబడితే ఇక మొక్కనే అనుమానించాలి. ఇది మందుని తట్టుకునే ఊద కావచ్చు.

(క్లోజప్: ఒక చేతిలో వరి మొక్క, ఇంకో చేతిలో ఊద మొక్క. రెండూ మూడాకుల వయసువి.)

దీన్ని ముందు చేత్తో పట్టుకుని చూద్దాం. ఈ వయసులో ఏది వరో ఏది ఊదో చెప్పడం అలవాటైన కళ్లకు కూడా కష్టమే. ఆకుని మెల్లగా వెనక్కి వంచండి. వరిలో ఆకు, తొడుగు కలిసే చోట తెల్లటి పల్చని పొర పైకి లేచి ఉంటుంది. దానికి రెండు పక్కలా నూగుతో సన్నని కొక్కేల్లాంటివి ఉంటాయి. ఊదకి పొరా లేదు, కొక్కేలూ లేవు. ఆ చోటు నున్నగా, ఖాళీగా ఉంటుంది. ఇంకే గుర్తు తప్పినా ఈ గుర్తు తప్పదు.

ఇంతగా వరిలా ఎందుకుంది? చైనాలో యాంగ్జీ నది ప్రాంతపు ఊద జన్యువుల్ని చదివిన పరిశోధకులు 2019లో దీనికి జవాబు చెప్పారు. అక్కడ వరిని పోలిన ఊద దాదాపు 1000 ఏళ్ల కిందట రూపుదిద్దుకుంది. కలుపు తీసేవాళ్లు గుర్తుపట్టినవన్నీ పీకేశారు. వరిలా నిటారుగా, వరి రంగులో ఉన్నవి వాళ్ల కంట పడక మిగిలాయి, వాటి గింజలే మళ్లీ పొలంలో రాలాయి. ఏటా అదే జరిగింది. అంటే వాళ్లకి తెలియకుండానే, వరిలా కనిపించే ఊదని వాళ్లే ఏరి పెంచారు. ఈ సంగతి చదివినప్పటి నుంచి ఊదని చూసే నా చూపే మారిపోయింది. ఎందుకంటే ఇప్పుడు చేసే పని కూడా అదే, కాకపోతే చేతి బదులు మందు ఏరుతోంది.

(తెరపై బొమ్మ: ఆకు లోపలి కణం. ప్రొపనిల్ అణువు లోపలికి వస్తుంది.)

1960ల్లో వరిలోకి ప్రొపనిల్ అనే మందు వచ్చింది. ఆకులో కిరణజన్య సంయోగక్రియని ఆపేస్తుంది. ఊద మాడిపోయేది, వరి మాత్రం తట్టుకునేది. రెండూ గడ్డి కుటుంబానివే కదా, మరి వరికి ఏమీ కాకపోవడం ఏమిటి? వరి ఆకులో ఆరిల్ అసైలమిడేజ్ అనే ఎంజైమ్ దండిగా ఉంటుంది. అది ప్రొపనిల్‌ని రెండు ముక్కలుగా విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తుంది. ఊదలో ఆ ఎంజైమ్ చాలా తక్కువ. మందు మొత్తం బలం ఆ ఒక్క తేడా మీదే నిలబడింది.

కానీ లక్షల మొక్కల్లో ఎక్కడో ఒక ఊదలో ఆ ఎంజైమ్ కాస్త ఎక్కువగా పనిచేస్తుంది. మందు రాకముందు దానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మందు కొట్టిన రోజు నుంచి ఆ మొక్కకి చుట్టూ పోటీ లేదు; నీళ్లు, ఎరువు, ఎండ అన్నీ దానివే. ఊద ఒక్క దుబ్బు వేల గింజలు రాలుస్తుంది, అదీ వరి కోతకు ముందే. 1980ల్లో గ్రీస్‌లో, 1990 నాటికి అమెరికాలోని ఆర్కాన్సాలో ప్రొపనిల్‌కి లొంగని ఊద బయటపడింది. పరీక్షిస్తే అందులో వరిలో ఉన్న ఉపాయమే దొరికింది: అదే రకం ఎంజైమ్, చాలా జోరుగా.

దీనికి ఇంకో రుజువు కూడా ఉంది. ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే కార్బరిల్ అనే పురుగుమందుని ప్రొపనిల్‌తో కలిపితే లొంగని ఊద మళ్లీ లొంగింది. అయితే వరి కూడా దెబ్బతింది. రెండూ ఒకే దారిలో బతుకుతున్నప్పుడు ఆ దారి మూసేస్తే రెండూ ఇరుక్కుంటాయి.

ఇక్కడ ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. మందు తాగి తాగి మొక్క దానికి అలవాటు పడిందని చాలామంది అనుకుంటారు. ఏ మొక్కా అలా అలవాటు పడదు. తట్టుకునే మొక్క మందుకి ముందే పొలంలో ఉంది. మందు చేసింది మిగతావాటిని తీసేయడమే.

(తెరపై: రెండు బొమ్మలు పక్కపక్కన.)

తట్టుకునే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది, మందు పట్టుకునే చోటు మారడం. బిస్‌పైరిబాక్, పెనాక్స్‌సులామ్ లాంటి కలుపు మందులు మొక్కలో ఏఎల్‌ఎస్ అనే ఎంజైమ్‌కి అతుక్కుని, అమైనో ఆమ్లాల తయారీని ఆపేస్తాయి. ఆ ఎంజైమ్ కూడా అమైనో ఆమ్లాల గొలుసే. అందులో 574వ స్థానంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ల్యూసిన్ అనే ఇంకోటి వచ్చిందనుకోండి. తాళం కప్ప లోపల ఒక్క పన్ను మారినట్టే, ఇక ఆ చెవి తిరగదు. అందుకే బిస్‌పైరిబాక్ పనిచేయలేదని పెనాక్స్‌సులామ్ కొంటే లాభం ఉండకపోవచ్చు. డబ్బా వేరు, పేరు వేరు, పట్టుకునే చోటు మాత్రం ఒకటే.

రెండో దారి నన్ను ఎక్కువ భయపెడుతుంది. చోటు మారదు, మందు అక్కడికి చేరేలోపే మొక్క దాన్ని విరిచేస్తుంది. ప్రొపనిల్ కథ ఈ కోవలోదే. అయితే సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం ఒక్క మందుతో ఆగదు. కాలిఫోర్నియా వరి పొలాల్లో ఊద జాతి గడ్డి ఒకటి మొలినేట్, థయోబెన్‌కార్బ్, ఫెనాక్సాప్రాప్ అనే కలుపు మందులకు లొంగకుండా పోయింది. ఆ గింజల్ని తెచ్చి, అప్పటికి అక్కడి మార్కెట్లోకి ఇంకా రాని బిస్‌పైరిబాక్‌తో పరీక్షించారు. 2000లో ఫలితం వచ్చింది: దానికీ తట్టుకుంది. ఎన్నడూ చూడని మందుకి! 2014లో అలాంటి గడ్డిలోనే రెండు పీ450 జన్యువులు మితిమీరి పనిచేస్తున్నాయని తేలింది. అలాంటి పొలంలో కొత్త మందు వచ్చేదాకా ఆగుదామనుకోవడం ప్రమాదం. ఆ మందు వచ్చేసరికే దాన్ని విరిచే మొక్క అక్కడ ఉండొచ్చు.

(దృశ్యం: మడిలో నీళ్లు, గట్టు, అంచున పెరిగిన ఊద.)

మరి ఏం చేయాలి? మందు మార్చేటప్పుడు పేరు కాదు, అది పనిచేసే పద్ధతి చూడండి. చాలా దేశాల్లో ఆ పద్ధతిని చెప్పే గ్రూపు నంబర్ డబ్బా మీదే వేస్తారు. బిస్‌పైరిబాక్, పెనాక్స్‌సులామ్‌లది 2. సైహాలోఫాప్, ఫెనాక్సాప్రాప్‌లది 1. ప్రెటిలాక్లోర్, బ్యూటాక్లోర్‌లది 15. పెండిమిథాలిన్‌ది 3. మొలకెత్తక ముందు 15నో 3నో వాడి, తర్వాత మిగిలినదాని మీద ఇంకో గ్రూపు వాడితే, ఒకే పద్ధతి మీద ఏటా భారం పడదు.

మోతాదు తగ్గించి కొట్టొద్దు. సగం మందుకి బలహీనమైనవి చస్తాయి, అంతంతమాత్రంగా తట్టుకునేవి బతికి గింజ కడతాయి. వాటిలో కొన్ని ఒకదాన్నొకటి కలుసుకుంటే వాటి పిల్లల్లో ఆ తట్టుకునే గుణాలు పోగవుతాయి. పీ450 దారి బలపడటానికి ఇదో మార్గం. ఊద రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టాలి. పిలక వేశాక పూర్తి మోతాదు కూడా సగంతో సమానం. బిస్‌పైరిబాక్ లాంటివి కొట్టేముందు నీళ్లు తీసేసి ఆకు పూర్తిగా తడిసేలా చేయాలి, రెండు రోజుల తర్వాత మళ్లీ నీళ్లు పెట్టాలి.

మందుకన్నా నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది గింజని ఆపడం మీద. విత్తే ముందు నేలని తడిపి, మొలిచిన తొలి ఊదని దున్నేసి, ఆ తర్వాతే వరి వేస్తే సగం పోరు ముందే ముగుస్తుంది. మడి చదునుగా ఉంటే నీళ్లు అంతటా సమంగా నిలుస్తాయి. ఎత్తుగా మిగిలిన దిబ్బల మీదే ఊద ముందు మొలుస్తుంది. మధ్యలో ఒక పంటకాలం వరి కాకుండా పప్పుధాన్యమో నూనెగింజలో వేస్తే నీళ్లూ మారతాయి, మందూ మారుతుంది. పక్క పొలంలో ఊద ఉంటే కోత యంత్రం మీ పొలంలోకి దిగేముందు శుభ్రం చేయించండి. మందుకి లొంగని ఊద గింజ అలా కూడా ఊళ్లు దాటుతుంది.

(క్లోజప్: రెండు ట్రేలు.)

అనుమానం తీరాలంటే ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. మందు తప్పించుకున్న దుబ్బుల నుంచి, గింజ రాలడం మొదలైనప్పుడు కంకిని సంచిలో దులపండి. ఎప్పుడూ మందు పడని చోటు నుంచి కూడా కొంత గింజ తీసుకోండి. ఊద గింజ తాజాగా ఉన్నప్పుడు నిద్రావస్థలో ఉంటుంది కాబట్టి కొన్ని నెలలు ఆగి, రెండు ట్రేల్లో వేరువేరుగా వేయండి. రెండు మూడు ఆకులు రాగానే డబ్బా మీద రాసిన మోతాదు రెండింటి మీదా ఒకేలా కొట్టండి. మూడు వారాల తర్వాత మందు పడని చోటి ట్రే ఎండిపోయి, మీ పొలం ట్రే పచ్చగా ఉంటే, ఆ మందుకి మీ పొలంలో కాలం చెల్లింది. ఆ ఏడు బతికిన ప్రతి దుబ్బునీ కంకి కట్టకముందే చేత్తో పీకి, పొలం బయట వేయాలి.