గంజి పెట్టిన నక్షత్రాలు

శ్రోతలందరికీ నమస్కారం.

ప్రతి డిసెంబరులోనూ మా బీరువా అడుగు నుంచి ఒక అట్టపెట్టె బయటికి వస్తుంది. అందులో క్రిస్మస్ చెట్టుకు కట్టే లేసు నక్షత్రాలు ఉంటాయి. నాకు ఏడో ఏడు వచ్చినప్పటి నుంచి పదకొండేళ్లపాటు, తన చూపు మందగించేవరకు, మా అమ్మమ్మ ఏటా ఒకటి చొప్పున అల్లి పండుగనాడు నా చేతిలో పెట్టింది. ఆమెది నర్సాపురం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక అక్కడి ఎన్నో ఇళ్లలో ఆడవారికి జీవనాధారమైంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఏజెంటు ఇచ్చిన దారంతో, విదేశాలకు వెళ్లే బల్లగుడ్డలను కూలికి అల్లిన ఆ చేతులు, సొంత డబ్బుతో కొన్న ఒక్క దారపు ఉండను మాత్రం ఈ నక్షత్రాల కోసం దాచుకునేవి. ఆమె అల్లినవాటిలో అమ్మకానికి కానివి ఇవేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అమ్మమ్మ తదనంతరం మా వాటాలకు వచ్చిన ఇత్తడి బిందెలు ఎవరి పెళ్లిలో ఇచ్చినవో నేడు చెప్పగలవారు లేరు. నక్షత్రాల సంగతి అలా కాదు. ఏ ఏడు ఏది అల్లిందో, ఏది తుఫాను రాత్రి లాంతరు వెలుగులో పూర్తయిందో ఆమె నోటనే విన్నాను. ఇటువంటి వస్తువులను బతికుండగానే, మన చేతులతోనే ఇవ్వాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చెట్టు అలంకరణలు మొదటి నుంచీ ఇంటిల్లిపాది పనే. జర్మనీలోని తురింగియా కొండల్లో లౌషా అనే గాజుపనివారి ఊరు ఉంది. 1840ల చివరలో అక్కడ చెట్టుకు కట్టే గాజుగోళాలు తయారు కావడం మొదలైంది. తండ్రి మంట దగ్గర కూర్చుని గాజును ఊదితే, లోపల వెండిపూత పోయడం, రంగులు వేయడం, కొక్కెం తగిలించడం తల్లీ పిల్లలూ చూసుకునేవారు. 1880ల నుంచి ఆ గోళాలు అమెరికా దుకాణాలకు విరివిగా చేరాయి. పిల్లలకు ఏటా ఒక అలంకరణ ఇచ్చి, వారు వేరు కాపురం పెట్టినప్పుడు ఆ పెట్టెను వారితో పంపే అలవాటు అక్కడి చాలా కుటుంబాల్లో ఉంది. డాలస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ మనవరాలు కూడా అలాగే చేస్తోంది; ఆమె తన పెళ్లిచీర అంచు ముక్కలతో చిన్న గంటలు కుడుతుంది.

అల్లికలను తరాలపాటు నిలపడానికి ఒక జాగ్రత్త తప్పనిసరి. నక్షత్రం కొమ్ములు నిటారుగా నిలవాలంటే పలుచని గంజిలో ముంచి, పలక మీద పాత గుడ్డ పరచి, ప్రతి కొమ్ముకూ తుప్పు పట్టని గుండుసూది గుచ్చి నీడన ఆరబెట్టాలి. అయితే ఆ గంజితోనే పెట్టెలో పెడితే పురుగులు పడతాయి, మడత దగ్గర దారం విరుగుతుంది. అందువల్ల పండుగ వెళ్లిన వెంటనే గంజి పోయేలా ఉతికి, పూర్తిగా ఆరిన తర్వాత మెత్తని పాత నూలుగుడ్డలో చుట్టి దాచాలి. వార్తాపత్రికలో చుట్టకూడదు, సిరా అంటుకుంటుంది. ఇదంతా శ్రమ అనిపించవచ్చు గాని, మళ్లీ డిసెంబరులో గంజి కాచి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకునే వేళ అమ్మమ్మ మాట రాకుండా ఉండదు. ప్రతి నక్షత్రానికీ ఒక చీటీ కట్టి, అల్లినవారి పేరు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. తడి తగిలినా పెన్సిలు రాత చెదరదు.

పదకొండింటిలో నాలుగు మా అమ్మాయికి ఇచ్చాను. ఏడు నా దగ్గర ఉన్నాయి. తొమ్మిదేళ్ల మనవరాలు ఈ ఏడు గొలుసు అల్లిక నేర్చుకుని తన మొదటి నక్షత్రం అల్లింది. ఆరు కొమ్ములు రావలసిన చోట ఏడు వచ్చాయి. విప్పేస్తానంటే వద్దన్నాను. నిన్న సాయంత్రం దానికి గంజి పెట్టి, సూదులు గుచ్చి ఆరబెట్టాము. చీటీ మీద పేరు తానే రాసుకుంది. సరుగుడు కొమ్మ నిలబెట్టిన రోజున దాన్ని వాళ్లమ్మకు ఇస్తుందట.