స్క్రాప్‌బుక్ సామాన్లకు అంత డబ్బెందుకు? తిరుపతిలో దొరికేవాటితోనే చేద్దాం

నమస్తే అండీ. ఆన్‌లైన్‌లో స్క్రాప్‌బుక్ కిట్ (ఫొటోలు పెట్టి అలంకరించుకునే ఆల్బంకు కావాల్సిన సామాన్లు) అని వెతికితే బొమ్మలు భలే ఉంటాయి. కింద ధర చూశాక ఫోన్ పక్కన పెట్టేస్తాం. సరే, ఆ కిట్‌లో ఏముంటాయి? డిజైన్ కాగితాలు కొన్ని, స్టిక్కర్లు, రిబ్బన్ ముక్కలు, పూసలు, నాలుగు ట్యాగులు. అందులో సగం మన బీరువా అడుగునే ఉంటాయి.

నా లెక్క ఒక్కటే. ఫొటోకు ఏది ఆనుకుని ఉంటుందో దానికి డబ్బు పెట్టండి. ఆనుకోనిదానికి పైసా పెట్టొద్దు. పేజీ కాగితం, జిగురు, పైన వేసే ప్లాస్టిక్ కవరు, ఈ మూడూ కొనాలి, మంచివే కొనాలి. మిగతావన్నీ దర్జీ దగ్గరో ప్రెస్సులోనో దొరుకుతాయి.

ముందు కాగితం సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. స్క్రాప్‌బుక్ పేజీ అంటే 12 బై 12 అంగుళాలు అని అందరూ చెబుతారు. అది అమెరికా నుంచి వచ్చిన కొలత. మన దగ్గర గాంధీ రోడ్డులోనో తిలక్ రోడ్డు పక్కనో పేపర్ కొట్టుకి వెళ్లి, నున్నటి మందపాటి తెల్ల కాగితం కోసం, "అన్నా, ఐవరీ షీటు ఉందా?" అంటే, "ఉందిమ్మా, 22 బై 28, ఎన్ని ఇమ్మంటావు?" అంటారు. అంటే 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు. ఇప్పుడు లెక్క వేయండి. అందులోంచి 12 బై 12 పేజీలు రెండే వస్తాయి, మిగిలిందంతా తుక్కు. ఒక్క అంగుళం తగ్గించుకుని 11 బై 11 అన్నారనుకోండి, నాలుగు వస్తాయి, పైగా 6 అంగుళాల పట్టీ మిగులుతుంది. 11 బై 14 అంటే ఇంకా మంచిది, కచ్చితంగా నాలుగు పేజీలు, ముక్క కూడా వృథా కాదు. అదే షీటు, అదే ధర, పేజీలు రెట్టింపు. కోయడం ఇంట్లో పెట్టుకోకండి. కట్టగా తీసుకుంటే ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద ఒక్క దెబ్బకు కోసిస్తారు, అంచులు కత్తిలా వస్తాయి.

కవర్లు వేసుకుందామనుకునేవాళ్లు మాత్రం ఏ4 సైజుకే వెళ్లండి. ఆ షీటులో ఏ4 కూడా నాలుగు వస్తాయి. ఏ4 కవర్లు ఏ స్టేషనరీ షాపులోనైనా చవకగా దొరుకుతాయి, 12 బై 12 కవరు కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు. కొనేటప్పుడు పాలీప్రొపిలీన్ అని రాసి ఉందో లేదో చూడండి. ప్యాకెట్ విప్పగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే అది పీవీసీ అయ్యుండొచ్చు, ఫొటోల దగ్గరికి రానివ్వకండి. పీవీసీ నుంచి మెల్లగా వచ్చే ఆవిరి ఫొటోను పాడుచేస్తుంది.

కాగితం మందంగా ఉంటే మంచిదనుకుంటాం, అది పూర్తిగా నిజం కాదు. దినపత్రిక ఎండలో పడేస్తే ఎందుకు పచ్చబడుతుందో తెలుసా? చెక్కగుజ్జులో ఉండే లిగ్నిన్ వల్ల. అది కాలం గడిచేకొద్దీ ఆమ్లంగా మారి, కాగితాన్నీ దాని మీద అంటించినదాన్నీ తినేస్తుంది. స్కూలు పిల్లలకు కొనే రంగురంగుల స్క్రాప్‌బుక్ ఉంది చూశారా, ఆ గరుకు కాగితం ఎక్కువగా ఇలాంటిదే. హోంవర్కుకు పర్లేదు గానీ అమ్మమ్మ పెళ్లి ఫొటో దాని మీద అంటించొద్దు. ప్యాకెట్ మీద యాసిడ్ ఫ్రీ అని ఉంటే తీసుకోండి. ఏమీ రాయకపోతే ఒక్క షీటు కొని, సగం పుస్తకం కింద దాచి, సగం మిద్దె మీద ఎండలో వారం పాటు పెట్టండి. మన తిరుపతి ఎండ సంగతి మీకు తెలిసిందేగా. రెండు సగాల మధ్య గీత కనిపించిందా, ఆ కాగితం వద్దు. గీత కనబడకపోతే అది యాసిడ్ ఫ్రీ అని కాదు, కానీ మరీ నాసి సరుకును ఇక్కడే పక్కన పెట్టేయొచ్చు.

జిగురుకి వద్దాం. సెల్లోటేప్ అసలు వద్దు, కొన్నేళ్లకు పచ్చబడి, జిగురు పక్కలకు కారుతుంది. నీళ్లలాంటి తెల్ల జిగురు ఎక్కువ రాస్తే కాగితం ముడతలు పడుతుంది. నన్నడిగితే ఫొటోకు జిగురే వద్దంటాను, మూలల్లో కాగితపు జేబులు పెట్టండి. రెండు అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉన్న పట్టీ కోయండి. పై అంచు నడిమి నుంచి రెండు పక్కలూ కిందికి మడవండి, కొసలు రెండూ కింద మధ్యలో కలవాలి. త్రికోణం వచ్చింది కదా? మడతలున్న వైపు పేజీకి అంటించండి, నున్నటి వైపు పైకి ఉంటుంది. ఆ సందులోకి ఫొటో మూల దూర్చండి. నాలుగు మూలలకు నాలుగు. ఇందాక 11 బై 11లో మిగిలిన ఆ 6 అంగుళాల పట్టీ ఉంది చూశారా, ఒక ఆల్బంకు సరిపడా మూలలు దాంట్లోంచే వస్తాయి. రేపు ఫొటో బయటికి తీయాలన్నా చిరగదు.

ప్రింట్లలో కూడా ఆదా ఉంది. స్టూడియోలో 4 బై 6 ప్రింటుకు ఒక ధర. ఫోన్‌లో కొలాజ్ యాప్‌లో నాలుగు ఫొటోలు ఒకే 4 బై 6 లో పేర్చి ఇవ్వండి. కోసుకుంటే 2 బై 3 సైజులో నాలుగు ఫొటోలు, ఒక్క ప్రింటు డబ్బుతో. పేజీకి పెద్ద ఫొటో ఒక్కటి చాలు, పక్కన ఇవి సరిపోతాయి.

ఇక అలంకరణ. పెళ్లి పత్రికలకు మించిన సరుకు లేదండీ. మందపాటి అట్ట, బంగారు పూత, చెక్కుడు అంచులు, కుచ్చులు, ఏ కిట్‌లోనూ ఇంత ఉండదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. మొదటిది, పసుపు పూసిన మూలలు. ఆ పసుపు ఎన్నేళ్లయినా వేలికి అంటుకుంటుంది, ఫొటోకూ అంటుకుంటుంది. మూలలు కోసేశాకే వాడండి. రెండోది, మన ఊరి పత్రికంటే ముందు పేజీలో వెంకటేశ్వరస్వామి ఉండాల్సిందే. స్వామి బొమ్మ మీద కత్తెర పెట్టడానికి నాకు చేయి రాదు. బొమ్మను పూర్తిగా ఉంచేసి, లోపలి షీట్లు, కవరు లోపలి డిజైను, కుచ్చులు మాత్రమే తీసుకుంటాను. టీటీడీ క్యాలెండర్ల విషయంలోనూ అంతే, అందుకే మా ఇంట్లో పాత క్యాలెండర్లు దొంతరగా ఉన్నాయి, ఎవరినీ పారేయనివ్వం.

గుడ్డ ముక్కలకు జాకెట్లు కుట్టే టైలర్ దగ్గరికి వెళ్లండి. శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు దొరికితే వదలకండి, పేజీ అంచుకు ఒక వేలెడు పట్టీ చాలు. అయితే అసలు కలంకారీలో నల్లరంగు ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి చేస్తారు కాబట్టి ఫొటోకు కాస్త దూరంగా అంటించండి. జరీ కూడా అంతే, నల్లబడే గుణం ఉంది.

పంచింగ్ మిషన్లు, కాగితాన్ని రకరకాల ఆకారాల్లో కోసే డై కటింగ్ మిషన్లు మొదట్లోనే కొనకండి. స్టీలు స్కేలు, స్నాప్ బ్లేడ్ కట్టరు చాలు. సంక్రాంతికి బజార్లో అమ్మే ముగ్గు అచ్చులున్నాయి కదా, స్పాంజితో రంగు అద్దితే అవే స్టెన్సిళ్లు. పేర్లు, తేదీలు రాయడానికి ఖరీదైన పెన్ను కూడా అక్కర్లేదు. స్కెచ్ పెన్ను వెలిసిపోతుంది, పెన్సిలు గీత వెలవదు.

చివరిగా టికెట్లు. కొండకు వెళ్లొచ్చిన బస్సు టికెట్టు పేజీలో పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది. మిషన్‌లోంచి వచ్చే ఆ సన్న కాగితం థర్మల్ పేపరు, వేడి తగిలితే నల్లబడుతుంది, ఊరికే ఉంచినా అక్షరాలు మాయమైపోతాయి. జిగురు రాస్తే ఇంకా తొందరగా పోతాయి. అందుకని ఇంటికి రాగానే ఆ ట్రిప్పు టికెట్లు, బిల్లులు అన్నీ ఒకే పేజీలా జిరాక్స్ మిషన్ అద్దం మీద పేర్చి ఒక్క జిరాక్స్ తీయించండి, తర్వాత కోసుకోవచ్చు. కలర్ కాపీ అక్కర్లేదు, బ్లాక్ అండ్ వైట్ చాలు, ఆ నల్ల టోనరు ఏళ్లతరబడి నిలుస్తుంది.