పురుగు రాకముందే వేరు మేలుకోవాలి

అందరికీ నమస్కారం. పొద్దున మదనపల్లెకు వచ్చే దారిలో ఒక తోట దగ్గర ఆగి, రైతునడిగి ఈ టమోటా మొక్క పీక్కొచ్చాను. పైకి చూస్తే కాస్త పసుపు తిరిగింది, అంతే. మధ్యాహ్నం ఎండకు తల వాల్చి, సాయంత్రానికి మళ్లీ లేస్తోందట. నీళ్లు చాలలేదనుకుని డ్రిప్ ఇంకో గంట వదిలారు. యూరియా కూడా పడింది. ఇప్పుడు వేర్లు చూడండి, అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. వేరుశనగ వేర్ల మీద బుడిపెలు మనకు తెలిసినవే. అవి గోటితో గీరితే రాలిపోతాయి. ఇవి రాలవు, ఎందుకంటే ఉబ్బింది వేరు కండే.

లోపలున్నది నులిపురుగు. గుడ్డు చీల్చుకుని వచ్చేటప్పుడు అర మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. వేరు కొన దగ్గర దూరి, నీళ్లూ ఆహారమూ పారే నాళాల దాకా పాకి, అక్కడ ఐదారు కణాలను ఎంచుకుంటుంది. నోట్లోని సూదితో వాటిలోకి తన రసం వదులుతుంది. ఆ కణాలు రెండుగా చీలడం మానేసి ఉబ్బుతూనే పోతాయి, ఒక్కోదాంట్లో పదుల కొద్దీ కేంద్రకాలు తయారవుతాయి. ఇక పురుగు కదలదు. కూర్చున్న చోటే తిని లావెక్కి, మన వేడి నేలల్లో నెల రోజుల్లోపే వందల గుడ్లు పెడుతుంది. కాయకు పోవాల్సిన తిండి తిష్ట వేసిన చుట్టం విస్తట్లో పడుతోందన్నమాట.

మరి మొక్క ఊరికే చూస్తూ ఉంటుందా? ఉండని మొక్కా ఒకటుంది. దక్షిణ అమెరికాలో పెరూ వైపు పెరిగే అడవి టమోటా, సొలానం పెరూవియానమ్. ఈ పురుగును ఎదిరించే జన్యువు దానిలో ఉంది. ఆ గుణం తేవాలని 1940లలో అమెరికాలో దాన్ని తోట టమోటాతో కలపబోతే గింజ నిలవలేదు. పిండాన్ని లేతగా ఉన్నప్పుడే గింజలోంచి తీసి, గాజు సీసాలో పెంచి బతికించారు. ఇవాళ విత్తన ప్యాకెట్ మీద తెగుళ్ల వరుసలో 'ఎన్' అనో 'ఎంఐ' అనో కనిపిస్తే, అది నులిపురుగును తట్టుకునే రకమని అర్థం. ఆ అక్షరాల వెనక ఉన్నది ఆ శ్రమే. మన దేశంలో హిసార్ లలిత్, అర్క వర్దన్ లాంటివి కూడా ఈ పురుగును తట్టుకునే రకాలుగా వచ్చినవే.

ఆ జన్యువు పని తీరు నాకు భలే ఇష్టం. అది పురుగు మీదికి పోదు. పురుగు ఎంచుకున్న చోటున్న కణాలను, దాదాపు ఒక రోజులోనే, మొక్క తానే చంపేసుకుంటుంది. విస్తరి లాగేశాక చుట్టం ఎన్నాళ్లుంటాడు?

అయితే దానికో బలహీనత ఉంది, అది మన ఎండాకాలం. నేలలో వేడి 28 డిగ్రీలు దాటితే ఆ జన్యువు సరిగా పనిచేయదు. ఖరీదైన విత్తనం కొని మార్చిలో నాటి, "మోసపోయాం సార్" అని వచ్చినవాళ్లున్నారు. విత్తనంలో మోసం లేదు, వేరు దగ్గర వేడి ఉంది. అందుకే ఈ రకాలను చలికాలపు పంటకు నమ్ముకోండి. వేసవిలో నాటక తప్పదంటే మల్చింగ్ షీట్, అంటే మొక్కల మొదట్లో నేలను కప్పే ప్లాస్టిక్ పట్టా, వెండి రంగు పైకి ఉండేలా పరచండి. నలుపు పైకి ఉంటే నేల ఇంకా కాగుతుంది. వరిగడ్డి దొరికితే అది ఇంకా చల్లన.

ఇంకో మాట. ఏటా అదే మడిలో అదే రకం వేస్తే, దాన్ని ఎదిరించే పురుగులే మిగిలి పెరుగుతాయి. జామ తోటల్లో ఈ మధ్య పాకుతున్న ఎంటెరోలోబీ అనే నులిపురుగు జాతి మీదైతే ఈ జన్యువు అసలు పనిచేయదు. జామ తీసేసిన చేలో టమోటా పెట్టేముందు పాత వేర్లు తవ్వి చూసుకోండి.

జన్యువు లేని మొక్కకు కూడా రక్షణ గుణం ఉంటుంది, కాకపోతే నిద్రలో ఉంటుంది. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం, సూడోమోనాస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా వేరును పట్టుకున్నప్పుడు మొక్క ఎవరో వచ్చారని ఉలిక్కిపడి సిద్ధమవుతుంది. తర్వాత పురుగు దూరితే త్వరగా తిరగబడుతుంది. కానీ ఇది ముందు జరగాలి. బుడిపెలు కట్టాక డ్రిప్‌లో వీటిని డబ్బాలు డబ్బాలు పోయడం దొంగ పోయాక కుక్కను తెచ్చుకోవడమే. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పట్టించండి. నారు పెంచే ప్రోట్రేలో కొబ్బరిపొట్టుకు, అంటే కోకోపీట్‌కు కూడా కలపండి. చేనుకైతే ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి, నాటేముందు వేయండి. పచ్చి పేడలో కలపొద్దు, ఆ వేడికి శిలీంధ్రం బతకదు.

ఈ పురుగును తట్టుకునే వంగ రకం వేరు మీద టమోటా అంటు కట్టిన నారు కూడా ఉంది. పురుగు బాగా ముదిరిన నేలకు అది మంచి దారే, ఖర్చే కాస్త ఎక్కువ.

కోతలు అయిపోయాక మాత్రం మొక్కలు కోసి వేర్లు నేలలో వదిలేయకండి. వచ్చే పంటను పట్టే గుడ్లు చాలావరకు వాటిమీదే ఉంటాయి. పీకి ఎండబెట్టి కాల్చేయండి.

వెనక వరసలో ఎవరో సంచిలో వేర్లు తెచ్చారని చెప్పారు. ఇలా తీసుకురా అన్నా, బల్ల మీద పరిచి చూద్దాం.